ముందు ఆగడం, ఆ తర్వాతే పరుగు

టర్బో ఉన్న చిన్న కారును రేసు ట్రాక్‌కు తగ్గట్టు మార్చుకోవాలనుకునేవాళ్లు సాధారణంగా ఇంజనుతో మొదలుపెడతారు. అనుభవం ఉన్న మెకానిక్ మాత్రం కొన్ని వందల రూపాయల బ్రేక్ ఆయిల్‌తో మొదలుపెట్టమంటాడు. ఆ తర్వాత బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, ఇంజను చల్లదనం చూడమంటాడు. కారు బలం పెంచే పని ఆ వరుసలో చిట్టచివరిది. ఇలా ఎందుకో తెలుసుకుంటే ఎనిమిది నుంచి పది తరగతుల వరకు మన పిల్లలు చదివే భౌతికశాస్త్రంలో సగం కళ్లముందు కనిపిస్తుంది.

జిమల్‌గట్టలో రేసు కార్ల ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. అల్లాపల్లి నుంచి సిరోంచకు పోయే సుమారు వంద కిలోమీటర్ల అడవి దారిలో మన ఊరు ఉంది. ఆ దారిలో ఏ వాహనమైనా వేగంగా పోవడం కంటే క్షేమంగా చేరడమే గొప్ప. అయినా మన పిల్లలకు బండ్లంటే ప్రాణం. పదో తరగతి అయ్యాక ఐటీఐలో మోటార్ మెకానిక్ కోర్సు చేస్తామనే పిల్లలు ప్రతి బడిలో ఉంటారు. సైలెన్సర్ మార్చి చప్పుడు పెంచుకున్న మోటారు సైకిళ్లూ మనకు కొత్త కాదు. బండి మీద ఉన్న ఆ మోజును చదువు వైపు తిప్పగలిగితే మనకు అంతకన్నా కావలసింది ఏముంది? ట్రాక్ కోసం మార్చిన కారు అందుకు చక్కని పాఠం. అందులో ప్రతి తప్పుకూ వెంటనే ఫలితం కనిపిస్తుంది, ప్రతి ఫలితానికీ పుస్తకంలో లెక్క ఉంటుంది.

మన రాష్ట్రంలోనే పుట్టిన కారు

ఇందుకు ఉదాహరణ వెతుక్కుంటూ విదేశాలకు పోనక్కరలేదు. మన మహారాష్ట్రలోనే, పుణె దగ్గరి చాకణ్‌లో, వోక్స్‌వ్యాగన్ కంపెనీ 2009లో ఫ్యాక్టరీ తెరిచి పోలో కారు తయారుచేసింది. 2010లో అదే పోలోతో 'పోలో కప్' పేరిట రేసులు మొదలుపెట్టింది. 2013లో అమ్మకానికి వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐలో 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను ఉండేది. దాని బలం 105 హార్స్‌పవర్. అంతకు ముందే, 2012లో, కంపెనీ రేసుల కోసం తయారుచేసిన పోలోలో 1.4 లీటర్ల ఇంజను 180 హార్స్‌పవర్ ఇచ్చేది. 2022లో మన దేశంలో పోలో తయారీ ఆగిపోయింది. సొంత కారును ట్రాక్‌కు సిద్ధం చేసుకునేవాళ్లకు మాత్రం అది ఇప్పటికీ ఇష్టమైన బండే. ఫియట్ కంపెనీ కూడా పుణె పక్కనున్న రంజన్‌గావ్‌లో తయారైన పుంటో కారుకు 1.4 లీటర్ల టర్బో ఇంజను పెట్టి 2015లో అబార్త్ పేరుతో అమ్మింది. దాని బలం 145 హార్స్‌పవర్.

రోడ్డు మీది పోలో 105, రేసు పోలో 180. ఈ రెండు అంకెలు చూసి తేడా అంతా ఇంజనులోనే ఉందనుకుంటాం. రేసు కారు తలుపు తెరిచి చూస్తే మొదట కనిపించేది ఇంజను కాదు. లోపల సీట్లు, కార్పెట్లు పీకేసి ఉంటాయి. కారు బోల్తా కొట్టినా పైకప్పు నలిగి డ్రైవరు మీద పడకుండా ఇనుప గొట్టాల పంజరం ఉంటుంది. మనిషిని సీటుకు కట్టిపడేసే వెడల్పాటి బెల్టులు ఉంటాయి. 180 హార్స్‌పవర్ వాడుకోవాలంటే ముందు ఇవన్నీ ఉండాలి.

టర్బో అంటే ఏమిటి?

ఇంజనులో పెట్రోలు మండగా వచ్చే పొగ, సైలెన్సర్ గుండా ఊరికే బయటికి పోతుంది. ఆ పొగ వేగంతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న ఇంకో చక్రంతో గాలిని ఇంజనులోకి గట్టిగా తోయించేదే టర్బో. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. మన దారిలో తిరిగే లారీల్లోనూ, బొలెరోల్లోనూ టర్బో ఉంది. చిన్న కార్ల టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లకు మించి తిరుగుతుంది.

ఎక్కువ గాలి లోపలికి పోతే ఎక్కువ పెట్రోలు మండించవచ్చు, బలం పెరుగుతుంది. ఇక్కడే ఒక చిక్కు ఉంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం ముట్టుకుని చూస్తే వెచ్చగా ఉంటుంది. గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. టర్బో నొక్కిన గాలి వంద డిగ్రీలు దాటడం మామూలే. వేడి గాలి పలచన. అంటే అంతే చోటులో తక్కువ గాలి పడుతుంది. ఇది చాలనట్టు, వేడి గాలిలో పెట్రోలు అదను కంటే ముందే అంటుకుని పిస్టన్‌ను దెబ్బతీసే ప్రమాదం ఉంది. అందుకే గాలిని చల్లార్చి ఇంజనులోకి పంపడానికి ఇంటర్‌కూలర్ అనే భాగం పెడతారు.

ఇంజను కంప్యూటరులోని లెక్కలు మార్చి టర్బోతో ఇంకా గట్టిగా తోయించడం ఈ రోజుల్లో గంటల్లో అయ్యే పని. దాన్ని రీమ్యాప్ అంటారు. మొదటి ల్యాపులో కారు దూసుకుపోతుంది. మూడో ల్యాపుకో నాలుగో ల్యాపుకో ఇంటర్‌కూలర్ వేడితో నిండిపోతుంది. లోపలికి పోయే గాలి వేడెక్కిందని గ్రహించి కంప్యూటరు తనంతట తానే బలం తగ్గించేస్తుంది. డబ్బు పెట్టి తెచ్చుకున్న బలం ఎండకు హారతి కర్పూరమవుతుంది. 45 డిగ్రీల ఎండలు చూసే మన ప్రాంతం వాళ్లకు ఈ సంగతి ఇంకొకరు చెప్పనక్కరలేదు. పెద్ద ఇంటర్‌కూలర్, మంచి రేడియేటర్, ఆయిల్‌ను చల్లబరిచే ఏర్పాటు చేసుకున్న తర్వాతే రీమ్యాప్ జోలికి పోవాలనేది మొదటి పాఠం.

ఇంజను కంటే బ్రేకు బలమైనది

రెండో పాఠం బ్రేకులది. దీనికి ఒక లెక్క వేద్దాం. డ్రైవరుతో కలిపి 1200 కిలోల బరువున్న కారు గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వచ్చి, మలుపు కోసం 60కి తగ్గిందనుకుందాం. పుస్తకంలోని సూత్రం ప్రకారం ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి సగం చేస్తే గతిజ శక్తి వస్తుంది. వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చుకుని లెక్క కడితే, ఈ ఒక్క మలుపు దగ్గర కారు వదులుకోవాల్సిన శక్తి సుమారు 10 లక్షల జౌళ్లు. మూడు లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి అంతే శక్తి కావాలి. ఇంట్లో 1500 వాట్ల హీటరుతో ఆ పని చేయడానికి 11 నిమిషాలు పడుతుంది. కారు బ్రేకులు అంత వేడిని నాలుగు సెకన్లలో మింగుతాయి. మరుసటి మలుపులో మళ్లీ అదే పని.

10 లక్షల జౌళ్లను నాలుగు సెకన్లతో భాగిస్తే సుమారు 250 కిలోవాట్లు. పోలో జీటీ ఇంజను ఇచ్చే 105 హార్స్‌పవర్ అంటే 77 కిలోవాట్లు. అంటే గట్టిగా బ్రేకు వేసిన ఆ నాలుగు సెకన్లలో బ్రేకులు ఇంజను కంటే మూడింతలకు పైగా పని చేస్తున్నాయన్నమాట. ఈ లెక్క తరగతిలో పిల్లల చేత చేయించండి. మేము చెప్పే మాట కంటే వాళ్ల నోటుపుస్తకంలో తేలిన అంకెను వాళ్లు బాగా నమ్ముతారు.

మన సరిహద్దు బడుల్లో ఇక్కడ ఇంకో జాగ్రత్త అవసరం. తెలుగు పుస్తకంలో జౌళ్లలో కొలిచేది శక్తి, వాట్లలో కొలిచేది సామర్థ్యం. మరాఠీ పుస్తకంలో జౌళ్లలో కొలిచేదాన్ని 'ఊర్జా' అంటారు, వాట్లలో కొలిచేదాన్ని 'శక్తి' అంటారు. ఒకే మాట, రెండు భాషల్లో రెండు కొలతలు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ వినే పిల్ల 'శక్తి' అన్న చోట తడబడితే అది ఆమె తెలివితక్కువ కాదు. 'ఘనత' కూడా అలాంటిదే. మనకు గొప్పదనం, మరాఠీలో 'ఘనతా' అంటే సాంద్రత. మనం పీడనం అన్నదాన్ని వాళ్లు 'దాబ్' అంటారు. 'ఘర్షణ' ఒక్కటీ రెండు చోట్లా ఘర్షణే. ఈ మాటలను రెండు నిలువు వరుసల్లో రాసి తరగతి గోడకు అంటిస్తే ఏడాదంతా పనికొస్తుంది.

బ్రేక్ ఆయిల్ మరిగితే

బ్రేకు పెడల్ మీద మనం తొక్కిన ఒత్తిడిని చక్రం దాకా మోసేది బ్రేక్ ఆయిల్. ద్రవాన్ని నొక్కితే అది కుంచించుకుపోదు కాబట్టే ఈ ఏర్పాటు పనిచేస్తుంది. ఎనిమిది పది మలుపుల వేడి ప్యాడ్ల నుంచి ఆయిల్‌కు పాకితే అది మరుగుతుంది, లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరిని నొక్కితే కుంచించుకుపోతుంది. అప్పుడు పెడల్ తొక్కితే నేలకు తగులుతుంది, కారు మాత్రం ఆగదు.

ఈ ఆయిల్‌కు ఇంకో గుణం ఉంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 3 రకానికి ఇవే అంకెలు 205, 140. మన ప్రాంతంలో వానాకాలం ఎంత చెమ్మగా ఉంటుందో తెలిసిందే. ట్రాక్‌కు పోయేవాళ్లు ప్రతిసారీ కొత్త ఆయిల్ పోయించుకునేది అందుకే. మామూలు కారుకు కూడా కంపెనీ చెప్పిన గడువుకు బ్రేక్ ఆయిల్ మార్పించుకోవాలనడం మెకానిక్ బేరం పెంచుకోవడానికి చెప్పే మాట కాదు.

అల్లాపల్లి టేకు దుంగలు మోసే లారీ డ్రైవర్లకు ఈ శాస్త్రం చేతి అనుభవంగా తెలుసు. దిగుడులో వాళ్లు గేరు తగ్గించి ఇంజనుతోనే బండిని పట్టి ఉంచుతారు. బ్రేకు మీద కాలు పెట్టి దిగితే లైనర్లు కాలిన వాసన వస్తుంది, చివరికి బ్రేకు పట్టదు. ట్రాక్ మీద వేడి దెబ్బకు బ్రేకులు జారిపోవడం అన్నా ఇదే.

అరచేతిలో కారు

కారు ఎంత పెద్దదైనా నేలను తాకేది నాలుగు చోట్ల మాత్రమే. ఒక్కో చోటు ఇంచుమించు మన అరచేయంత. ఇంజను తోసినా, బ్రేకు లాగినా, స్టీరింగు తిప్పినా ఆ నాలుగు అరచేతుల మీదుగానే జరగాలి. పోలో లాంటి కార్లలో ఇంజను తిప్పేది ముందు చక్రాలను. మలుపు తిరగాల్సిందీ అవే, బరువులో ఎక్కువ భాగం మోసేదీ అవే. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ముందు టైర్లు రెండు పనులూ చేయలేక చేతులెత్తేస్తాయి, కారు మలుపు తిరగకుండా తిన్నగా జారుతుంది. బలం పెంచితే ఈ జబ్బు ఇంకా ముదురుతుంది. మంచి టైర్లు, గట్టి షాకబ్జార్బర్లు, చక్రాల వాలు సరిచేయించడం వంటి పనులు ఇంజను కంటే ముందు వరుసలో ఉండేది ఇందుకే.

టైర్లలో గాలి మరో లెక్క. పొద్దున్నే 30 డిగ్రీల దగ్గర 32 పెట్టించిన టైరు, ట్రాక్ మీద నలిగి 70 డిగ్రీలకు చేరితే లోపలి పీడనం 38 దాటుతుంది. వాతావరణ పీడనాన్ని కలుపుకుని, ఉష్ణోగ్రతను కెల్విన్లలోకి మార్చుకుని లెక్క వేస్తే సరిగ్గా అంతే వస్తుంది. టైరు ఉబ్బితే నేలను తాకే భాగం తగ్గుతుంది, పట్టు పోతుంది. అందుకే ట్రాక్‌కు వెళ్లేవాళ్లు టైరు వేడెక్కాక ఎంత ఉండాలో ముందు అనుకుని, ఆ ప్రకారం పొద్దున తక్కువ గాలితో బయలుదేరుతారు.

చివరి ల్యాపుకూ ఒక పద్ధతి ఉంది. దాన్ని నెమ్మదిగా, బ్రేకు ఎక్కువ వాడకుండా తిరిగి వస్తారు. వచ్చీరాగానే ఇంజను ఆపరు. టర్బో ఇరుసు పొగ వేడికి కాగి ఉంటుంది, దాన్ని చల్లగా ఉంచేది పారే ఇంజనాయిలే. ఇంజను ఆగితే ఆయిల్ ఎక్కడిదక్కడ నిలిచి మాడి బొగ్గవుతుంది. హ్యాండ్‌బ్రేకు కూడా వేయరు. కాలిన బ్రేకును అలా పట్టి ఉంచితే అవి అతుక్కునే ప్రమాదం ఉంది. గేరులో పెట్టి, చక్రానికి అడ్డుగా రాయి పెడతారు.

ఒక్కసారికి ఒక్క మార్పు

టైర్లు, స్ప్రింగులు, రీమ్యాప్ మూడూ ఒకే వారంలో మార్చి ట్రాక్‌కు వెళ్తే కారు వేగం పెరగవచ్చు, తగ్గవచ్చు. దేనివల్లో మాత్రం తెలియదు. ఒక్కసారికి ఒక్కటే మార్చి, ల్యాపు సమయం, టైరు గాలి, ఆ రోజు ఎండ ఒక పుస్తకంలో రాసుకుంటేనే నిజం బయటపడుతుంది. ప్రయోగశాలలో మేము పిల్లలకు చెప్పేది కూడా ఇదే. మిగతావన్నీ కదలకుండా ఉంచి ఒక్కటి మార్చి చూడాలి.

ఈ దారిలో నడిచినవాళ్లు మనలాగే మాతృభాష ఒకటి, రాష్ట్ర భాష ఒకటిగా బతికినవాళ్లలో ఉన్నారు. కోయంబత్తూరు ప్రాంతంలో తెలుగు మాట్లాడే కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు బడి చదువు పెద్దగా చదవలేదు. ఒక ఆంగ్లేయ అధికారి దగ్గర రడ్జ్ మోటారు సైకిలు కొని, దాన్ని పూర్తిగా విప్పి, మళ్లీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నాడు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిలబెట్టాడు. 1945లో కోయంబత్తూరులో పాలిటెక్నిక్ రావడంలోనూ ఆయన చెయ్యి ఉంది.

అదే నగరంలో లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్, మారుతి 800 ఇంజను పెట్టి తక్కువ ఖర్చులో ఒంటి సీటు రేసు కారు తయారుచేశాడు. ఫార్ములా మారుతిగా పేరుపడిన ఆ కార్ల వల్ల కోట్లు లేనివాళ్లకూ రేసు నేర్చుకునే దారి దొరికింది. ఆయన 1995లో విమాన ప్రమాదంలో చనిపోయారు. కోయంబత్తూరు దగ్గర ఆయన పేరు మీద ఉన్న కరి మోటార్ స్పీడ్‌వే పొడవు సుమారు 2.1 కిలోమీటర్లు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ పొడవు 3.7 కిలోమీటర్లు. ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ ట్రాక్ 5.1 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది. ఆ కార్లు వేగం తగ్గించేటప్పుడు పోయే గతిజ శక్తిలో కొంత భాగాన్ని వేడిగా పోనివ్వకుండా తిరిగి బ్యాటరీలోకి పంపుకుంటాయి. మనం పైన వేసిన 10 లక్షల జౌళ్ల లెక్కకు అది మరో జవాబు.

ట్రాక్ వేరు, ఊరి రోడ్డు వేరు

ట్రాక్ మీద ఎదురుగా బండి రాదు. పశువులు అడ్డం రావు. మలుపు బయట జారిపోవడానికి ఖాళీ చోటు ఉంటుంది, అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. పోటీల్లో దిగేవాళ్లకు ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా లైసెన్సు కావాలి, హెల్మెట్టు నుంచి బట్టల దాకా నియమాలున్నాయి. రోడ్డు మీద ఇవేవీ లేవు.

చట్టం కూడా ఈ తేడాను గట్టిగా పాటిస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి రూ.5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కారు బీమా కూడా రేసుల్లో జరిగిన నష్టానికి సాధారణంగా వర్తించదు. ట్రాక్ కోసమే కారు కట్టుకునేవాళ్లు దాన్ని వేరే బండి మీద ఎక్కించి తీసుకెళ్లేది ఇందుకే.

మన పిల్లలు నడిపేది మోటారు సైకిలు. దానికీ అదే సూత్రం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ముందు ఏదో కనబడింది. బ్రేకు వేయాలని తోచి వేసేలోపు ఒక సెకను, ఆ తర్వాత మంచి పొడి రోడ్డు మీద ఆగడానికి పట్టే దూరం, రెండూ కలిపితే సుమారు 23 మీటర్లు. వేగం 80 అయితే? రెట్టింపు 46 అని పిల్లలు చటుక్కున అంటారు. లెక్క వేస్తే 71 మీటర్లు వస్తుంది. వేగం రెండింతలైతే గతిజ శక్తి నాలుగింతలు కావడమే కారణం. తడి రోడ్డు, అరిగిన టైరు, వెనక ఇద్దరు ఉంటే ఆ దూరం ఇంకా పెరుగుతుంది. మార్చిన సైలెన్సర్ ఆ 71 మీటర్లలో ఒక్క మీటరు కూడా తగ్గించలేదు.

తరగతిలో చేయదగినవి

ఖర్చు లేకుండా చేయించదగిన పనులు నాలుగు. సైకిలు పంపు కొనను వేలితో మూసి పదిసార్లు కొట్టించి, పంపు ఎక్కడ వేడెక్కిందో పిల్లలను ముట్టుకుని చెప్పమనండి. పంచరు షాపు గేజితో పొద్దున నీడలో ఒకసారి, మధ్యాహ్నం ఎండలో ఒకసారి టైరు గాలి కొలిపించి, తేడాను వాయు సూత్రంతో సరిపోల్చమనండి. 20, 40, 60, 80 కిలోమీటర్ల వేగాలకు ఆగే దూరం పట్టిక వేయించి, ఆ దూరాలను బడి మైదానంలో సున్నంతో గీయించండి. 71 మీటర్ల గీత మైదానం దాటిపోయిందంటే పిల్లలు దాన్ని మరచిపోరు. చివరగా దగ్గరలోని మెకానిక్‌ను ఒక గంట బడికి పిలిచి, అరిగిన బ్రేకు లైనరునూ కొత్తదాన్నీ పక్కపక్కన చూపించమనండి. ఆయన మాటల్లోని పేర్లు, పుస్తకంలోని తెలుగు పేర్లు, మరాఠీ పేర్లు మూడూ బోర్డు మీద రాయించండి.

మెకానిక్ షెడ్డులో పనివాడిగా చేరే పిల్లవాడికీ, ఐటీఐ దాటి పాలిటెక్నిక్ దాకా వెళ్లే పిల్లకూ తేడా చాలాసార్లు చేతి నేర్పులో ఉండదు. చేస్తున్న పనికి కారణం చెప్పగలగడంలో, లెక్క వేయగలగడంలో ఉంటుంది. ఆ లెక్కను తనకు అర్థమయ్యే భాషలో ఒక్కసారి అందిస్తే, ఆ తర్వాత మరాఠీలోనైనా ఇంగ్లీషులోనైనా రాయగలదు. మన బడులు చేయగలిగిన పని అది. బండి మీద మోజు పిల్లల్లో ఎలాగూ ఉంది. ముందు బ్రేకు, తర్వాత టైరు, ఆ తర్వాత చల్లదనం, చివరికి బలం అన్న వరుసను వాళ్ల చేతే లెక్క కట్టించి ఒప్పించడం మన వంతు.